పోలండ్‌ను ఎవరో తయారుచేసి ఇవ్వలేదు

ఎడిటర్ గారికి,

మొదటి ప్రపంచ యుద్ధం మీద మీరు వేసిన వ్యాసం బాగుంది గానీ, 1918లో పెద్ద దేశాలు కూర్చుని పోలండ్‌ను తయారుచేసి ఇచ్చినట్టు రాయడం మాత్రం మింగుడుపడలేదు. అంతకుముందే పరాయి గడ్డ మీద పోలిష్ దళాలు పుట్టాయి కదండీ!

అప్పటికి పోలండ్‌ను రష్యా, జర్మనీ, ఆస్ట్రియా పంచుకుని ఉన్నాయి, అందుకే పోల్‌లు ఆ దేశాల సైన్యాల్లో ఉండేవాళ్లు. 1917లో రష్యా చక్రవర్తి జారు దిగిపోయాక రష్యా సైన్యంలోని పోలిష్ సైనికులు విడివడి, జనరల్ దోవ్‌బోర్ ముష్నిట్స్కి కింద ఒక కోర్‌గా (కొన్ని డివిజన్ల పెద్ద దళంగా) ఏర్పడ్డారు. 1918 ఫిబ్రవరిలో ఇప్పటి బెలారస్‌లోని బోబ్రూయిస్క్ కోట పట్టారు, మే నెలలో జర్మన్లు వాళ్ల ఆయుధాలు లాగేసుకున్నారు. బోల్షెవిక్కులతో పడదు, జర్మన్లు నమ్మరు, ముందు నుయ్యి వెనక గొయ్యి.

అసలు చెప్పాల్సింది సైబీరియాలోని పోలిష్ డివిజన్ గురించి. అక్కడ బోల్షెవిక్కుల మీద పోరాడుతున్న అడ్మిరల్ కొల్చాక్ సైన్యం కూలిపోతుంటే, అందరికంటే వెనక ఉండి బోల్షెవిక్కుల ఎర్రసైన్యాన్ని ఆపే పని వీళ్ల నెత్తిన పడింది. ఒకే రైలు దారి, ముందంతా రష్యా నుంచి ఇంటిదారి పట్టిన చెక్ దళాల రైళ్లు, దారి ఇవ్వరు. గడ్డకట్టే చలిలో ఇంజన్లు ఆగిపోయాయి. 1920 జనవరిలో క్లుక్వెన్నాయా స్టేషన్ దగ్గర చాలామంది లొంగిపోయారు. సుమారు వెయ్యి మంది తప్పించుకుని చైనాలోని హార్బిన్ చేరి, ఓడలో బాల్టిక్ రేవు డాన్‌జిగ్‌లో (ఇప్పటి గ్దాన్‌స్క్) దిగి, ఆ ఆగస్టులోనే వార్సా దగ్గర మళ్లీ ఎర్రసైన్యంతో యుద్ధానికి దిగారు. ఏం మనుషులో!

రష్యా ఉత్తర కొసన రేవు మూర్మన్స్క్‌లోని పోలిష్ దళమైతే వస్తూ వస్తూ ఓ ధ్రువపు ఎలుగుబంటిని కూడా తెచ్చుకుంది, వార్సా కవాతులో నడిపించింది కూడా.

ఫ్రాన్స్‌లో పోలిష్ జనరల్ హాలర్ నడిపిన నీలి సైన్యం (నీలి యూనిఫారం పోలిష్ సైన్యం) సంగతి మీ వ్యాసంలో ఒక్క లైను ఉంది. మిగతావాళ్ల మీద ఓ ఆదివారం అర పేజీ ఇస్తే బాగుంటుంది, మ్యాప్ తప్పకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు