క్రిప్టో యాప్‌లకు అనుమతి ఉందో లేదో ఊళ్లోనే తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

మిర్యాలగూడలో ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే పని నాది. రైస్‌మిల్లు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, దుకాణదారులు, డిగ్రీ పూర్తయి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. కొన్నేళ్లుగా వీరిలో చాలామంది ఫోను నా ముందు పెట్టి, ‘ఈ క్రిప్టో యాప్‌కు మన దేశంలో లైసెన్సు ఉందా సార్?’ అని అడుగుతున్నారు. క్రిప్టో అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు. డబ్బు కట్టకముందు అడిగేవారు తక్కువ. కట్టి, అది తిరిగి రానప్పుడు అడిగేవారే ఎక్కువ. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లాల అధికారులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ఏర్పాటు చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

బ్యాంకుకు రిజర్వు బ్యాంకు, షేర్ల బ్రోకరుకు సెబీ లైసెన్సు ఇచ్చినట్లు క్రిప్టో ఎక్స్ఛేంజీకి (వాటిని కొని, అమ్మే వేదికకు) లైసెన్సు ఇచ్చే సంస్థ మన దేశంలో లేదు. బిట్‌కాయిన్ వ్యాపారానికి తాము ఎవరికీ అనుమతి ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2017 ఫిబ్రవరిలోనే ప్రకటించింది. కాబట్టి ‘మాకు ఆర్‌బీఐ లైసెన్సు ఉంది’ అని ఏ యాప్ చెప్పినా అది పచ్చి అబద్ధం. ఇక వేరే విచారణే అక్కర్లేదు, ఆ యాప్‌ను వదిలేయాలి.

మన దగ్గర ఉన్నదల్లా నమోదు. కేంద్ర ఆర్థిక శాఖ 2023 మార్చి 7న క్రిప్టో సేవల సంస్థలను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చింది. అప్పటి నుంచి భారతీయులతో వ్యాపారం చేసే ఎక్స్ఛేంజీ, దాని ఆఫీసు ఏ దేశంలో ఉన్నా సరే, అనుమానాస్పద లావాదేవీలపై కన్నేసి ఉంచే, ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ (ఎఫ్‌ఐయూ) దగ్గర నమోదు కావాల్సిందే. ఖాతాదారుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలి, లావాదేవీల రికార్డులు భద్రపరచాలి, అనుమానం వచ్చినవాటిని ఆ యూనిట్‌కు తెలియజేయాలి. 2023 డిసెంబరు నాటికి 28 సంస్థలు ఇలా నమోదయ్యాయని కేంద్ర ఆర్థిక శాఖ సహాయ మంత్రి లోక్‌సభకు తెలిపారు. ఆ తరువాత మరికొన్ని చేరాయి. అందువల్ల డబ్బు పెట్టాలనుకునేవారు అడగవలసింది ఒక్కటే: ఈ రోజుకు ఈ ఎక్స్ఛేంజీ ఎఫ్‌ఐయూలో నమోదై ఉందా?

‘ఈ రోజుకు’ అని ఊరికే అనలేదు. 2023 డిసెంబరు 28న ఎఫ్‌ఐయూ 9 విదేశీ ఎక్స్ఛేంజీలకు షోకాజ్ నోటీసులిచ్చి, వాటి వెబ్‌సైట్లను మన దేశంలో నిలిపివేయాలని కేంద్ర ఐటీ శాఖను కోరింది. బైనాన్స్, కుకాయిన్, క్రాకెన్, బిట్‌స్టాంప్ వంటి పేరున్న సంస్థలే అందులో ఉన్నాయి. కొద్ది వారాల్లోనే యాప్ స్టోర్లలో అవి కనిపించకుండా పోయాయి. తరువాత కుకాయిన్ రూ.34.5 లక్షలు, బైనాన్స్ రూ.18.82 కోట్ల జరిమానాకు గురై, నమోదు చేసుకుని 2024లో తిరిగి వచ్చాయి. 2025 అక్టోబరులో మరో 25 విదేశీ సంస్థలకు నోటీసులు వెళ్లాయి. రెండేళ్ల కిందట స్నేహితుడు చెప్పిన మాట ఈ రోజుకు పనికి రాదు.

మా ప్రాంతంలో చాలా ఇళ్లకు విదేశాలతో బంధుత్వం ఉంది. అమెరికాలో అల్లుడు, దుబాయ్‌లో తమ్ముడు ‘ఇక్కడ దీనికి ప్రభుత్వ అనుమతి ఉంది, అందరూ వాడుతున్నారు’ అంటే మనవాళ్లు నమ్ముతారు. వారు చెప్పేది నిజమే కావచ్చు. క్రిప్టో వ్యాపారాలకు లైసెన్సులివ్వడానికే దుబాయ్‌లో 2022లో ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కానీ ఆ అనుమతి ఆ దేశం వరకే. ఆంధ్రలో తీసుకున్న మద్యం దుకాణం లైసెన్సు చూపించి, కృష్ణా నది మీది వాడపల్లి వంతెన దాటి వచ్చి మన ఒడ్డున దుకాణం తెరుస్తానంటే ఎవరైనా ఒప్పుకుంటారా? క్రాకెన్ అమెరికా సంస్థే, అక్కడ పేరున్నదే. అయినా ఇక్కడ నోటీసు తప్పలేదు.

నా దగ్గరికి వచ్చేవారు చూపించే ‘సర్టిఫికెట్లు’ కూడా ఎక్కువగా విదేశాలవే. అమెరికా ఆర్థిక శాఖలోని ఒక విభాగం దగ్గర డబ్బు బదిలీ వ్యాపారంగా నమోదైనట్లు ఒక కాగితం ఉంటుంది. అలాంటి నమోదు తమ సిఫారసు కాదని ఆ విభాగమే స్పష్టంగా చెబుతుంది. లేదంటే ఏదో దేశంలో కంపెనీ పెట్టినట్లు ఇంకో కాగితం ఉంటుంది. కంపెనీ పెట్టడం వేరు, జనం దగ్గర డబ్బు తీసుకునే అనుమతి వేరు. ముద్రలు, గద్ద బొమ్మలు, బంగారు అంచులు చూసి చదువుకున్నవారే మోసపోతున్నారు.

అన్నిటికన్నా నాకు కడుపు మండే సంగతి పన్ను పేరుతో జరిగే దోపిడీ. ఆ మధ్య దేవరకొండ వైపు నుంచి ఒక చిరుద్యోగి వచ్చాడు. యాసంగి వడ్లు అమ్మగా వచ్చిన డబ్బు, భార్య సంఘంలో తెచ్చిన అప్పు కలిపి ఒక యాప్‌లో పెట్టాడు. ఆ యాప్ ప్లే స్టోర్‌లో లేదు. టెలిగ్రామ్‌లో వచ్చిన లింకుతో ఫోనులోకి ఎక్కించుకున్నాడు. తెర మీద బ్యాలెన్సు డాలర్లలో, ఆకుపచ్చ అంకెల్లో పెట్టినదానికి ఎన్నో రెట్లుగా కనిపిస్తోంది. డబ్బు తీసుకునే మీట నొక్కితే ఒక సందేశం వచ్చింది: భారత ప్రభుత్వ నిబంధనల ప్రకారం లాభంపై 30 శాతం పన్ను ముందుగా చెల్లిస్తేనే మొత్తం విడుదలవుతుంది. కింద ఒక యూపీఐ చిరునామా ఉంది. అది ఏ ప్రభుత్వ శాఖదీ కాదు, ఎవరో వ్యక్తి పేరు మీద ఉంది. ఆ పన్ను కట్టడానికి అప్పు ఎక్కడ దొరుకుతుందని ఆలోచిస్తూనే, చివరగా నన్ను అడిగి పోదామని వచ్చాడు. కట్టవద్దని చెప్పి, అప్పటికప్పుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించాను.

30 శాతం పన్ను నిజంగానే ఉంది. క్రిప్టో లాభాలపై 2022 ఏప్రిల్ 1 నుంచి వసూలు చేస్తున్నారు. మోసగాళ్లు ఆ నిజాన్నే ఎరగా వాడుకుంటున్నారు. పాఠకులు దయచేసి ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆదాయపు పన్నును ఏ యాప్‌కూ కట్టరు. మన పాన్ నంబరు మీద, ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ ద్వారా ప్రభుత్వానికి కడతాం. 2022 జులై 1 నుంచి అమలులో ఉన్న 1 శాతం టీడీఎస్‌ను (చెల్లింపు దగ్గరే కోసే పన్నును) ఎక్స్ఛేంజీ మినహాయించుకునేది అమ్మగా వచ్చిన మొత్తంలో నుంచే. దానికోసం మనల్ని ఎదురు డబ్బు పంపమని అడగదు. మన డబ్బు మనకివ్వడానికి ముందు పన్ను కట్టమన్న క్షణమే అది మోసమని తెలుసుకోవాలి.

ఈ టీడీఎస్ వల్ల మనకు మరో మేలు కూడా ఉంది. స్వదేశీ ఎక్స్ఛేంజీ కోసుకున్న టీడీఎస్ మన పాన్ మీద జమైన పన్ను వివరాలు చూపే 26ఏఎస్ ఫారంలో, ఎవరు ఎంత కోశారో పేరుతో సహా కనిపించాలి. యాప్‌లో పెద్ద పెద్ద అమ్మకాలు జరిగినట్లు చూపిస్తూ, నెలలు గడిచినా 26ఏఎస్‌లో ఒక్క రూపాయి కూడా లేదంటే ఆ అమ్మకాలు తెర మీదే జరిగి ఉండవచ్చు. పోర్టల్‌లోకి వెళ్లి ఈ ఫారం ఎవరికి వారే ఉచితంగా చూసుకోవచ్చు. మాలాంటివారికి ఫీజు ఇవ్వనవసరం లేదు.

పన్ను వేశారు కాబట్టి ప్రభుత్వం ఆమోదించినట్లే అనేవారు, సుప్రీంకోర్టు అనుమతించింది అనేవారు కూడా ఉన్నారు. రెండూ నిజం కావు. క్రిప్టో సంస్థలకు బ్యాంకులు సేవలు అందించరాదన్న 2018 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది, అంతే. ఏ ఎక్స్ఛేంజీకీ యోగ్యతా పత్రం ఇవ్వలేదు.

నమోదైనంత మాత్రాన మన డబ్బు భద్రమని కూడా నేను చెప్పను. వజీర్‌ఎక్స్ ఎఫ్‌ఐయూలో నమోదైన సంస్థే. 2024 జులై 18న సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోను హ్యాకర్లు దోచుకున్నారు. ఖాతాదారుల క్రిప్టో స్తంభించిపోయింది. దాని వెనుక ఉన్న కంపెనీ సింగపూర్‌ది కావడంతో వ్యవహారం అక్కడి హైకోర్టుకు వెళ్లింది. లావాదేవీలు మళ్లీ మొదలైంది 2025 అక్టోబరులో. ఇక్కడి మదుపరి అక్కడి కోర్టు తీర్పు కోసం ఏడాదికి పైగా ఎదురుచూడవలసి వచ్చింది. బ్యాంకు డిపాజిట్లకు రూ.5 లక్షల వరకు బీమా ఉంది. క్రిప్టోకు అది లేదు, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసే దారీ లేదు. అందుకే ఒప్పంద నిబంధనల్లో మన ఒప్పందం ఏ కంపెనీతో, వివాదం వస్తే ఏ దేశపు కోర్టులో అన్న రెండు వాక్యాలను వెతికి చదవాలి. నమోదు లేని యాప్‌లో పెట్టినవారికైతే వెళ్లడానికి సింగపూర్ కోర్టు కూడా ఉండదు.

ఇదంతా ఎవరికి వారు తెలుసుకోవాలని వదిలేయడం న్యాయం కాదు. ఫంక్షన్ హాళ్లలో సమావేశాలు పెట్టి, నలుగురిని చేర్పిస్తే కమీషన్ అంటూ గొలుసుకట్టు నడిపేవారు మండల కేంద్రాల దాకా వస్తున్నారు. వారికన్నా ముందు ప్రభుత్వం ఊళ్లోకి రావాలి. కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టాలి. ఎఫ్‌ఐయూలో నమోదైన సంస్థల జాబితాను, ఏ తేదీ నాటిదో స్పష్టంగా రాసి, తెలుగులో ప్రతి బ్యాంకు శాఖలో, మీసేవ కేంద్రంలో, గ్రామ పంచాయతీ కార్యాలయంలో అంటించాలి. ధాన్యం డబ్బు రైతుల ఖాతాల్లో పడే రోజుల్లో కొనుగోలు కేంద్రాల దగ్గర కూడా ఉంచాలి. మహిళా సంఘాల నెలవారీ సమావేశాల్లో బ్యాంకుల ఆర్థిక అక్షరాస్యత సిబ్బంది దీన్ని చదివి వినిపించాలి. క్రిప్టో గొలుసుకట్టు సమావేశానికి హాలు అద్దెకిచ్చే యజమాని ముందుగా పోలీసులకు తెలియజేయాలన్న నిబంధన తేవాలి.

పత్రికకూ ఒక విన్నపం. మా జిల్లా పేజీలో నెలకోసారి ఆ జాబితాను, నోటీసులు అందుకున్న సంస్థల పేర్లను తేదీతో సహా ప్రచురించండి. క్రిప్టో ప్రకటన ఏదైనా మీ దగ్గరికి వస్తే, అచ్చు వేయడానికి ముందు ఆ సంస్థ నమోదు పత్రాన్ని అడిగి తీసుకోండి.

ఇట్లు,
ఒక పన్ను సలహాదారు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా.