ప్రసూతి సెలవు డబ్బు కాన్పుకు ముందే ఇప్పించండి: కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది మీకు రాస్తున్న మూడో ఉత్తరం. మొదటి రెండింటికీ జవాబు రాలేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదును 'సంబంధిత విభాగానికి పంపాం' అని చెప్పి మూసేశారు. ఆ విభాగం ఏదో, ఎవరిని కలవాలో చెప్పినవాళ్ళు లేరు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నాకు ఏడో నెల. ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. జీతం 24,000 రూపాయలు. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) జీతం పరిమితి 21,000 కాబట్టి నేను దాని కిందికి రాను. అంటే 26 వారాల ప్రసూతి సెలవు డబ్బూ కంపెనీయే ఇవ్వాలి. సెలవు ఇవ్వం అని వాళ్ళేమీ అనలేదు. "తీసుకోండమ్మా, డబ్బు మాత్రం మీరు తిరిగొచ్చి మూడు నెలలు పనిచేశాక ఇస్తాం" అన్నారు.

చట్టంలో ఏముందో మీకు తెలియనిది కాదు. కాన్పుకు ముందు రోజుల డబ్బు గర్భిణి అన్న రుజువు చూపిస్తే అడ్వాన్సుగా ఇవ్వాలి. మిగతాది బిడ్డ పుట్టిన రుజువు అందిన 48 గంటల్లో ఇవ్వాలి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టంలోని ఈ మాటే దాని స్థానంలో తెచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోకీ వచ్చింది. ఆ పేజీ ప్రింటవుట్ తీసి, స్కాన్ రిపోర్టుతో కలిపి మేనేజర్ గారి టేబుల్ మీద పెట్టాను. "ఇవన్నీ పెద్ద కంపెనీలకమ్మా" అని తిరిగి నా చేతికిచ్చారు. పదిమంది ఉంటే చాలు సార్, మనం ముప్పై ఎనిమిది మందిమి అన్నాను. ఆయన ఫోన్ అందుకున్నారు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ హక్కు గురించి కాగితం మీద చెప్పాలని 1961 చట్టానికి చేసిన 2017 సవరణలో పెట్టారు కదా. నా అపాయింట్‌మెంట్ లెటర్ నాలుగు పేజీలు, నోటీసు పీరియడ్ గురించే అర పేజీ ఉంది. ప్రసూతి అన్న మాట ఎక్కడా లేదు.

డాక్టరమ్మ ఇచ్చిన తేదీ మార్చి 20. ఎనిమిది వారాలు వెనక్కి లెక్కపెట్టుకుని క్యాలెండర్‌లో జనవరి 23 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాను. ఆ రోజు నుంచి ఇంట్లో ఉండే హక్కు నాకుంది. కానీ ఉండలేను. ఆఫీసుకు వెళ్ళినన్నాళ్ళే ఒకటో తారీఖున జీతం పడుతుంది. మా ఆయన సంపాదన అద్దెకూ మా అత్తగారి మందులకూ సరిపోతుంది. ఆసుపత్రి ఖర్చుకు నా డబ్బే ఆధారం, అది కాన్పయి ఎన్నో నెలలు గడిచాక వస్తే ఎలా? పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. టేబుల్ కింద పాత ఫైళ్ళ పెట్టె మీద కాళ్ళు పెట్టుకుని ఓచర్లు ఎక్కిస్తున్నాను. నొప్పులు వచ్చేదాకా ఇలాగే రావాలేమో అని ప్రతి రాత్రీ టెన్షన్.

కార్మిక శాఖ ఆఫీసుకూ వెళ్ళాను. "ఇవ్వం అని కంపెనీ రాసిచ్చిందా? ఆ లెటర్ తెండి, చూద్దాం" అన్నారు. ఇవ్వం అని ఏ కంపెనీ కాగితం మీద రాసిస్తుంది సార్? రెండోసారి వెళ్తే ఆ అధికారి క్యాంపులో ఉన్నారు. మూడోసారి ఆ మెట్లు ఎక్కే ఓపిక లేకపోయింది.

2018 నవంబరులో మీ శాఖే ఒక మాట చెప్పింది. 15,000 లోపు జీతమున్న మహిళలకు 26 వారాల సెలవు ఇచ్చే యజమానులకు ఏడు వారాల జీతం తిరిగి చెల్లించే పథకం తెస్తామంది. నా జీతానికి అది వర్తించేది కాదు. అయినా సంతోషించాను, యజమాని ఒక్కడి మీదే భారం వేస్తే గర్భిణిని చూడగానే ఖర్చు కనిపిస్తుందని సర్కారుకూ తెలిసిందనుకున్నాను. తర్వాత ఆ పథకం ఊసు నా చెవిన పడలేదు. కాన్పుకు కంపెనీ ఇవ్వాల్సిన వైద్య బోనసు కూడా 2011 నుంచి అదే 3,500 దగ్గరే ఉంది.

అయ్యా, నేను కొత్త చట్టం అడగడం లేదు. ఉన్నదాన్ని అమలు చేయించండి. అడ్వాన్సు ఇచ్చారా లేదా అని కంపెనీని మీ అధికారులే అడగాలి, రుజువు తెమ్మని నన్ను తిప్పకూడదు. దయచేసి ఈ ఉత్తరానికైనా జవాబివ్వండి. జనవరి 23కి ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది.

ఇట్లు,
కాన్పు కోసం ఎదురుచూస్తున్న ఒక ఉద్యోగిని
జనవరి 5