స్లైడ్‌కి డ్రిల్ పెట్టే ముందు ఒక్కసారి ఆగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

బైకు పికప్ స్మూత్‌గా రావాలంటే కార్బొరేటర్ స్లైడ్ (పైకీ కిందకీ కదులుతూ గాలి దారిని తెరిచే ముక్క) కింద ఉన్న రంధ్రాన్ని డ్రిల్‌తో కాస్త పెద్దది చేయించుకోమని మీ పేపర్లో బైకుల పేజీలో ఒక చిట్కా వేశారు. అది చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయా, ఎందుకంటే రేస్ ఇస్తే బండి జర్క్ కొడుతోందని నేను సరిగ్గా ఆ పనే చేయించి బంగారం లాంటి స్లైడ్‌ని పాడు చేసుకున్నా.

వాక్యూమ్ కార్బొరేటర్లో మనం రేస్ తిప్పితే తెరుచుకునేది బటర్‌ఫ్లై అనే తిరిగే రేకు ఒక్కటే, స్లైడ్‌ని లేపేది ఇంజిన్ లాక్కునే గాలి. ఆ లాగుడు, అంటే వాక్యూమ్, స్లైడ్ కింది రంధ్రం గుండా పైన డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) గదికి చేరితే స్ప్రింగ్‌ని తోసుకుంటూ స్లైడ్ లేస్తుంది. రంధ్రం పెద్దదైతే తొందరగా లేస్తుంది, మీరు రాసింది నిజమే, కానీ మరీ తొందరగా లేస్తే గాలి దారి ఒక్కసారిగా వెడల్పైపోయి గాలి వేగం పడిపోతుంది, పెట్రోలుని పైకి లాగే బలం చాలదు, దాంతో రేస్ ఇచ్చిన క్షణంలోనే బండి ఊపిరాడనట్టు ముక్కుతుంది. ఓవర్‌టేక్ మధ్యలో నా బండి అలా ఆగినంత పనైంది, వెనక పెద్ద లారీ, ఇప్పటికీ తలుచుకుంటే భయమే. తీసేసిన లోహం మళ్లీ రాదుగా, కొత్త స్లైడ్ వేయాల్సొచ్చింది.

తీరా చూస్తే అసలు జర్క్‌కి కారణం స్లైడ్ కాదు! కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు గొట్టంలో సన్నటి పగులు ఉంది, అందులోంచి దొంగగాలి లాగుతోంది. ఆ రబ్బరు మార్చగానే సగం జబ్బు పోయింది. కాబట్టి ముందు రబ్బరు, డయాఫ్రమ్‌కి చిల్లు, స్లో జెట్ అనే సన్నటి పెట్రోలు రంధ్రంలో మురికి, కేబుల్ లూజు, ఇవన్నీ చూసుకోవాలి.

ఇంకో మాట, జర్క్ ఎక్కడొస్తోందో గమనించాలి. ఐడ్లింగ్ నుంచి పావు రేస్ దాకా పెత్తనం స్లో జెట్‌ది, పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కి వేలాడే నీడిల్ అనే సూదిది, ఆ పైన మెయిన్ జెట్‌ది. నాకు మధ్యలో తడబాటు మిగిలింది కాబట్టి నీడిల్ క్లిప్ కింద అర మిల్లీమీటర్ వాషర్ పెట్టి చూశాం, నీడిల్ కొంచెం లేచి పెట్రోలు కాస్త ఎక్కువ అందింది, రేస్ వెన్నలా మారింది. నచ్చకపోతే వాషర్ తీసేస్తే సరి, ఏదీ పాడవదు. గాడులున్న నీడిల్ అయితే వాషర్ కూడా అక్కర్లేదు, క్లిప్ ఒక గాడి కిందకి దించితే చాలు. తర్వాత స్పార్క్ ప్లగ్ తీసి చూడాలి, లేత గోధుమ రంగైతే బాగున్నట్టు, మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే తక్కువైనట్టు, ఆ తెలుపుని మాత్రం అస్సలు వదిలేయొద్దు, ఇంజిన్ వేడెక్కి పిస్టన్ దాకా పోతుంది.

కుర్రాళ్లు మీ పేజీ చూసి నిజంగానే డ్రిల్ పట్టుకుంటారండి. వచ్చే వారం అదే పేజీలో, వెనక్కి తీసుకోలేని ఆ పని చివర్న చేయాల్సిందని, అదీ ఆ మోడల్‌కి ఎంత సైజు దాకా పర్లేదో తెలిసినవాళ్ల చేతే చేయించాలని ఒక సవరణ వేయమని నా మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు