యుద్ధం నుంచి సేద్యానికి వచ్చినవారి మాటలు రికార్డు చేయాలి

సంపాదకులు గారికి,

కళ్యాణదుర్గం ప్రాంతంలోని మా ఊళ్లో 1971 యుద్ధంలో పాల్గొన్న మాజీ సైనికుడొకరు గత నెల కన్నుమూశారు. ఊరంతా ఆయన్ను మిలిటరీ తాత అనే పిలిచేది. అంత్యక్రియలకు బంధువులు, తోటి రైతులు చాలామందే వచ్చారు గానీ, ఆయన ఆ యుద్ధంలో ఏం చేశారో చెప్పగలిగినవారు వారిలో ఇద్దరు ముగ్గురికి మించి లేరు. ఇది మా ఒక్క ఊరి సంగతే కాదన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

ఆయన బెంగళూరు కేంద్రంగా ఉన్న సైన్యపు ఇంజనీరింగ్ దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేశారు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు తొలగించడం ఆ దళం పని. పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది దగ్గర జరిగిన పోరు అనగానే పరమవీర చక్ర పొందిన అరుణ్ ఖేత్రపాల్ గుర్తుకొస్తారు, రావాలి కూడా. అయితే ట్యాంకులు ముందుకు పోవాలంటే ముందుగా మందుపాతరల మధ్య దారి చేయవలసింది ఇంజనీరింగ్ దళాలవారే. డిసెంబరు 15 రాత్రి ఆ పని పూర్తికాకముందే ట్యాంకులు కదిలాయి. ఆ రోజుల గురించి అడిగితే తాత చలి గురించే ఎక్కువ చెప్పేవారు. బోర్లా పడుకుని, కడ్డీని నిటారుగా కాకుండా ఏటవాలుగా నేలలోకి పోనిచ్చి, ఏదైనా తగిలితే వేళ్లతో మట్టి తీసేవాళ్లమని, వేళ్లు కొంకర్లు పోయి మట్టికీ ఇనుముకీ తేడా తెలిసేది కాదని అనేవారు.

తండ్రి పోయాక సేద్యం చూసేవారు లేక, 15 ఏళ్ల సర్వీసు నిండకముందే ఆయన ఇంటికి వచ్చేశారు. సిపాయికి పింఛను రావాలంటే అంత సర్వీసు ఉండాలి కనుక పింఛను లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ జిల్లాలో బుడ్డలు (వేరుశనగ) వేసి బతికారు. తొలి వానకే అందరూ గొర్రు కట్టినా, ఆయన మాత్రం చేలో నాలుగు చోట్ల పుల్ల గుచ్చి జానెడు లోతు పదును దిగిందని తేలితే తప్ప విత్తేవారు కాదు. బుడ్డల మధ్య కంది సాళ్లు తప్పనిసరి. బుడ్డ పోయి కంది ఆదుకున్న ఏళ్లున్నాయి. అప్పు చేసి వేయించిన బోరు ఎండిపోయినప్పుడు చీనీ (బత్తాయి) చెట్లను తానే గొడ్డలితో కొట్టి కట్టెలకు అమ్ముకున్నారు. యుద్ధం మాటెత్తితే మొహమాటపడే ఆ మనిషి పంటల బీమా గురించి మాత్రం ఎంతసేపైనా వాదించేవారు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల వివరాలు ఉంటాయి, నిజమే. కానీ అవి పింఛను, ఆర్థిక సాయం, పిల్లల చదువుల కోసం పెట్టిన దస్త్రాలు. ఎవరు ఎక్కడ పోరాడారో, ఏం చూశారో, తిరిగొచ్చి ఎలా బతికారో వాటిలో దొరకదు. 65 ఏళ్లు దాటి, పింఛను లేని పేద మాజీ సైనికులకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుందన్న సంగతే తాతకు చివరిదాకా ఎవరూ చెప్పలేదు. ఆగస్టు 15న పిలిపించి, శాలువా కప్పి, ఫొటో దిగి పంపిస్తే తీరే బాధ్యత కాదిది.

1971లో ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఇప్పుడు 75 దగ్గర పడింది. పశ్చిమ గోదావరిలోని మాధవరం నుంచి వందలమంది సైన్యంలో చేరినందువల్ల అది మిలిటరీ మాధవరమైంది. మన పల్లెల నుంచి ఒకరిద్దరుగా వెళ్లినవారికి అలాంటి గుర్తింపు దానంతటది రాదు కనుక వారిని వెతుక్కుంటూ మనమే వెళ్లాలి. జిల్లా కలెక్టరు చొరవ తీసుకుని, సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి మండలాలవారీగా పేర్లు తెప్పించి, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పర్యవేక్షణలో డిగ్రీ కళాశాలల ఎన్‌సీసీ విద్యార్థుల చేత వీరి మాటలు రికార్డు చేయించాలి. ఖర్చు పెద్దగా ఉండదు, ఫోన్లు చాలు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి విరాళాల డబ్బాలు పట్టుకుని తిరిగే విద్యార్థులే ఈ పనీ చేయగలరు. ప్రతి రికార్డుకూ ఒక కాపీ ఆ ఊరి బడిలో ఉండాలి. మీ పత్రిక కూడా జిల్లా పేజీల్లో వారానికొకరి గురించి రాయాలని కోరుతున్నాను.

మా పక్క ఊళ్లో ఆ యుద్ధం నాటి మరో జవాను ఉన్నారు. వినికిడి తగ్గింది గానీ మాట స్పష్టంగానే ఉంది. ఎవరు వచ్చినా దగ్గరుండి తీసుకెళ్లడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా