వయసు కాదండీ, హాజరు పట్టీ అడ్డు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో ఒక ఫొటో వేశారు. కొడుకుతో పాటే డిగ్రీ పూర్తి చేసిన ఒక అమ్మ. ఇద్దరూ నల్ల గౌన్లలో, చేతుల్లో పట్టాలతో నవ్వుతున్నారు. పైన పెద్ద అక్షరాలతో ‘చదువుకు వయసు అడ్డు కాదు’ అని శీర్షిక. మా అత్తయ్య ఆ పేజీ మడిచి నా పుస్తకాల మీద పెట్టారు. ఆ ఫొటో చూసి నాకూ సంతోషమే వేసింది. శీర్షిక దగ్గరే పేచీ వచ్చింది. వయసు అడ్డు అని నాతో ఎవరూ అనలేదు. అడ్డు తగిలినవి వేరే ఉన్నాయి. వాటి గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు.

నాకు 38 ఏళ్లు. బి.ఏ. సైకాలజీ మూడో సంవత్సరం, రెగ్యులర్ కాలేజీలో చదువుతున్నాను. అమ్మాయి పదో తరగతి, అబ్బాయి మూడో తరగతి. మావారిది షిఫ్టుల ఉద్యోగం. ఇరవయ్యేళ్ల వయసులో బి.ఎస్సీ. సగంలో ఉండగా నాన్నగారి ఆరోగ్యం దెబ్బతింది. చదువు మానేసి ఉద్యోగంలో చేరాను. పదహారేళ్ల తర్వాత మళ్లీ అడిగితే పాత మార్కులు ఇప్పుడు పనికిరావు, మొదటి సంవత్సరం నుంచే రావాలన్నారు. సరేనన్నాను.

దరఖాస్తు ఫారంలో మొదటి తమాషా జరిగింది. చివర్లో ‘తల్లిదండ్రులు లేదా సంరక్షకుల సంతకం’ అని ఒక గడి. నాన్నగారు లేరు. అమ్మకు చెయ్యి వణుకుతుంది. కౌంటర్లో ఉన్నాయన కాసేపు ఆలోచించి, “మీ ఆయన చేత పెట్టించండి” అన్నారు. నా పిల్లల స్కూలు కాగితాల మీద సంరక్షకురాలిగా సంతకం పెట్టేది నేను. నా కాగితం మీద మాత్రం నా సంతకం చాలదు. తల్లిదండ్రుల ఫోన్ నంబరు అని మరో గడి కూడా ఉంది. అందులో నా నంబరే మళ్లీ రాశాను. దాని ఫలితం ఏమిటంటే, నేను కాలేజీకి వెళ్లని రోజు సాయంత్రం నా ఫోన్‌కే మెసేజ్ వస్తుంది: ‘మీ అమ్మాయి ఈ రోజు తరగతులకు హాజరు కాలేదు. దయచేసి గమనించండి.’ గమనిస్తూనే ఉంటానండీ. ఆ సమయానికి నేను పిల్లాడికి తడిబట్ట వేస్తూ ఉంటాను.

నవ్వుకునే విషయం ఇంతవరకే. మూడో సెమిస్టర్‌లో జరిగింది వేరు.

మా కాలేజీలో సెమిస్టర్‌కు 90 పనిదినాలు. 75 శాతం హాజరు ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. అంటే 68 రోజులు రావాలి, 22 రోజులు మానుకోవచ్చు. మొదట్లో ఈ 22 చూసి చాలా ఎక్కువే అనుకున్నాను. ఆ సెమిస్టర్‌లో మా వాడికి చికెన్‌పాక్స్ వచ్చింది, 9 రోజులు పోయాయి. అత్తయ్య కంటి ఆపరేషన్‌కు 4. మావారి షిఫ్టు మారి పొద్దున్నే ఇంట్లో ఎవరూ ఉండని రోజులు 5. అమ్మాయి స్కూల్లో మీటింగులకు 2. నాకు ఒంట్లో బాగాలేక 1. ఇక ఒకే రోజు మిగిలిందని జాగ్రత్తగా ఉంటే, చివరి నెలలో పిల్లాడు మెట్ల మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇంకో 4. మొత్తం 25. నా హాజరు 65 రోజుల దగ్గర ఆగిపోయింది, 72 శాతం.

65కీ 75కీ మధ్య శాతం ఉన్నవాళ్లకు కండొనేషన్ అని ఒక వెసులుబాటు ఉంది. ఫీజు కట్టి, డాక్టరు సర్టిఫికెట్ జతచేస్తే పరీక్షకు అనుమతిస్తారు. నేను పిల్లాడి ఎక్స్‌రే, డాక్టరు రాసిచ్చిన చీటీ, చికెన్‌పాక్స్ నాటి కాగితాలు అన్నీ ఫైలులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. అక్కడాయన ఒక్కో కాగితం తిప్పి చూసి ఫైలు నా చేతికే ఇచ్చేశారు. “ఇవి బాబువి కదమ్మా. స్టూడెంట్‌కి వస్తేనే లెక్క” అన్నారు. చెయ్యి విరిగింది వాడిదే గానీ, వాణ్ని ఎత్తుకుని తిరిగింది నేనే అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి, “మీకు జ్వరం వచ్చినట్టు రాయించుకు రండి. పనైపోతుంది” అన్నారు.

రాయించుకొచ్చాను. మూడు రోజులు వైరల్ ఫీవర్ అని. మా ఇంట్లో జబ్బు లేదనలేం. అది పిల్లాడి నుంచి నా పేరు మీదికి మారింది, అంతే. ‘అబద్ధం చెప్పకూడదు’ అని మా వాడి చేత కాపీ రాయిస్తున్న వారంలోనే ఈ పని చేశాను. అందుకే ఈ ఉత్తరం కింద నా పేరు వేయవద్దని అడుగుతున్నాను. సిగ్గుపడే విషయం కనుక దాచుకోవచ్చు. కానీ నిజమైన ఎక్స్‌రే చెల్లక, లేని జ్వరం చెల్లిన చోట తప్పు నా ఒక్కదానిదే అంటే ఒప్పుకోలేను.

ఇదేదో పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్ల గొడవ అనుకుంటారేమోనని ఇంకో మాట. ఆ రోజు ఆఫీసు బయట బెంచీ మీద మా క్లాసు అబ్బాయి కూర్చుని ఉన్నాడు. పంతొమ్మిదేళ్లు. వాళ్ల నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. తీసుకెళ్లేది వీడే. చేతిలో సర్టిఫికెట్ ఉంది. దాని మీద జ్వరం వీడికి. “అక్కా, మీదేం జబ్బు?” అని అడిగాడు. వైరల్ ఫీవర్ అన్నాను. “నాదీ అదే” అన్నాడు. ఇద్దరం నవ్వాం గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

వయసు సంగతికి వస్తాను. నా సబ్జెక్టు సైకాలజీ కాబట్టి పుస్తకంలో ఏముందో కొంచెం తెలుసు. వార్నర్ షై అనే శాస్త్రవేత్త 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టి కొన్ని దశాబ్దాల పాటు ఒక పరిశీలన నడిపారు. కొన్నేళ్లకోసారి మళ్లీ వెళ్లి అవే మనుషులకు పరీక్షలు పెట్టేవారు. చకచకా చేయాల్సిన పనుల్లో వేగం వయసుతో తగ్గుతుంది, నిజమే. మాటల అర్థం పట్టుకోవడంలో మాత్రం మనుషులు నడివయసులోనే బాగా రాణించారు. మా క్లాసులో అది నాకు రోజూ కనిపిస్తుంది. బొమ్మలు తిప్పి జత కలిపే ప్రాక్టికల్‌లో పిల్లలు నాకంటే ముందే లేచి వెళ్లిపోతారు. కేసు చదివి ఆ మనిషికి ఏమై ఉంటుందో చెప్పమంటే మాత్రం నావైపు తిరుగుతారు.

మా పుస్తకంలో నాకు బాగా నచ్చిన మనిషి హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు. 1885లో మరుపు మీద పుస్తకం వేశాడు. అర్థం లేని అక్షరాల కూర్పులు 2,300 దాకా తయారు చేసుకుని, తన మీదే ప్రయోగం చేసుకున్నాడు. ఒక జాబితా కంఠతా పట్టడం, కొంతకాలం వదిలేయడం, మళ్లీ నేర్చుకోవడం. రెండోసారి ఎంత సమయం ఆదా అయిందో లెక్క కట్టేవాడు. గంట తిరిగేసరికి ఆ ఆదా సగానికంటే తక్కువకు పడిపోయింది. కానీ నెల దాటాక కూడా ఐదో వంతు మిగిలే ఉంది. పూర్తిగా మరిచిపోయాననుకున్నది కూడా రెండోసారి తొందరగా వస్తుందన్నమాట. (ఆయన బల్ల దగ్గర కూర్చున్నప్పుడు తలుపు ఎవరైనా కొట్టేవారో లేదో మా పుస్తకంలో లేదు.) బి.ఎస్సీ.లో చదివి వదిలేసిన స్టాటిస్టిక్స్‌ను నేను మళ్లీ తెరిచింది పదహారేళ్ల తర్వాత. స్టాండర్డ్ డీవియేషన్ అన్న మాట చూడగానే గుండె దడ. తీరా కూర్చుంటే రెండు సాయంత్రాల్లో చేతికొచ్చింది. పాత ఇంట్లో చీకట్లో కూడా స్విచ్ ఎక్కడుందో చెయ్యి వెతుక్కున్నట్టు వచ్చింది.

చదవడానికి సమయం ఎక్కడిదని అందరూ అడుగుతారు. మా వాషింగ్ మెషీన్ ఒక విడతకు 40 నిమిషాలు తీసుకుంటుంది. దాని పక్కనే స్టూలు. ఆ చప్పుడు ఉన్నంతసేపు నన్ను ఎవరూ పిలవకూడదని ఇంట్లో కట్టడి. పిల్లలు ఒప్పుకున్నారు. మావారికి అలవాటవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆయన గిన్నె కడిగినా, పిల్లాణ్ని దింపి వచ్చినా “నీకు సాయం చేశాను” అనేవారు. ఈ మధ్య ఆ మాట ఆగిపోయింది, పని సాగుతోంది. రాత్రి తొమ్మిదికి అమ్మాయీ నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. ఒకసారి నేను నోట్స్ తిరగేస్తుంటే అది తలెత్తి, “అమ్మా, చదువుతున్నావా, చూస్తున్నావా?” అంది. నా పుస్తకం లాక్కుని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. మూడింటికి ఒక్క జవాబు చెప్పగలిగాను. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు 2006లో విద్యార్థుల మీద చూపించింది కూడా ఇదే. మళ్లీ మళ్లీ చదివినవాళ్లకంటే, పుస్తకం మూసి తమను తాము పరీక్షించుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. ఆ పాఠం మాకు తర్వాతి సెమిస్టర్‌లో వచ్చింది. అమ్మాయి అప్పటికే నేర్పేసింది.

కాబట్టి బుర్ర గురించి నాకు టెన్షన్ లేదు. టెన్షన్ అంతా రాత్రి పది గంటలకు క్లాసు గ్రూపులో పడే మెసేజ్‌తోనే. ‘రేపు ఉదయం 8కి ఎక్స్‌ట్రా క్లాస్, అటెండెన్స్ తీసుకుంటారు.’ పంతొమ్మిదేళ్ల వాళ్లు అలారం మార్చుకుని పడుకుంటారు. నేను మాత్రం పిల్లాణ్ని స్కూలుకు ఎవరు దింపుతారో, అత్తయ్యకు కంట్లో చుక్కలు ఎవరు వేస్తారో, మావారు షిఫ్టు నుంచి ఎన్నింటికి వస్తారో అప్పుడు తేల్చుకోవాలి. పక్కింటావిడకు ఆ వేళప్పుడు ఫోన్ చేయాలంటే మొహమాటం. మా లెక్చరర్ నాకంటే ఐదేళ్లు చిన్న. నన్ను మేడమ్ అంటారు, నేనాయన్ని సార్ అంటాను. ఆయనకు ఈ సంగతి చెబితే, “అలాగా మేడమ్, నాకు తట్టలేదు” అన్నారు. అప్పటి నుంచి ఆయన మాత్రం రెండు రోజుల ముందే చెబుతున్నారు. చెప్పడానికి ఆయనకేమీ ఖర్చు కాలేదు. మిగతావాళ్లు షరా మామూలే.

దూరవిద్యలో చేరవచ్చు కదా అని మీ పాఠకులు అంటారు. మా చుట్టాలు ఎప్పుడో అనేశారు. ఆ దారి గొప్పదే. లండన్ విశ్వవిద్యాలయం 1858 నుంచే బయటి విద్యార్థులు పరీక్ష రాసి పట్టా పుచ్చుకునే వీలు కల్పించింది. బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టి, ముందు ఏం చదివారని అడగకుండానే మనుషుల్ని చేర్చుకున్నారు. పాఠాలు టీవీలో కూడా వచ్చేవి. ఇంట్లో కూర్చుని చదవగలిగిన వాళ్లకు అది వరమే. నాకు ప్రాక్టికల్స్ కావాలి, ఎదురుగా కూర్చుని వాదించే మనుషులు కావాలి. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. నాకు ఇంటి నుంచి బయటికి వెళ్లి చదువుకోవాలని ఉంది. ఇంట్లో ఉన్నంతసేపు నేను అందరికీ అందుబాటులో ఉన్నట్టే లెక్క. ఇల్లు చూసుకోవాల్సినవాళ్లు ఇంటి నుంచే చదువుకోవాలి అని తేల్చేస్తే, కాలేజీ గేటు ఎవరి కోసమో కూడా తేల్చేసినట్టే.

నేను హాజరు నియమం ఎత్తేయమనడం లేదు. క్లాసుకు రాకుండా పట్టా పుచ్చుకోవాలన్న ఆశ లేదు. కండొనేషన్ కాగితంలో ‘విద్యార్థి అనారోగ్యం’ అన్న చోట ‘విద్యార్థి లేదా విద్యార్థి చూసుకోవాల్సిన కుటుంబ సభ్యుల అనారోగ్యం’ అని ఒక వాక్యం పెంచమంటున్నాను. అదే ఫీజు, అదే 65 శాతం గీత, సర్టిఫికెట్ మాత్రం నిజమైనది. దొంగ కాగితాలు ఎక్కువవుతాయని భయపడేవారు మా ఆఫీసు బయట బెంచీ మీద ఒక పూట కూర్చుని చూడాలి.

మీకూ ఒక విన్నపం. ఈసారి ఇలాంటి ఫొటో వేసేటప్పుడు ఆవిడను రెండు ప్రశ్నలు అదనంగా అడగండి. పరీక్ష రోజు ఇంట్లో ఎవరున్నారు? హాజరు ఎన్ని రోజులు తగ్గింది, ఎలా సర్దుకున్నారు? జవాబు చెప్పడానికి ఆవిడ కొంచెం తటపటాయిస్తే అది కూడా రాయండి.

ఈ ఉత్తరం రాస్తుండగానే ఫోన్ మోగింది. కాలేజీ మెసేజ్: ‘ప్రియమైన తల్లిదండ్రులకు, వచ్చే శనివారం ఉదయం 11 గంటలకు సమావేశం. మీ అమ్మాయి చదువు, హాజరు గురించి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడవచ్చు.’ ఇన్నాళ్లూ ఇవి చూసి నవ్వుకుని వదిలేసేదాన్ని. ఈసారి వెళ్తున్నాను. పిల్లాడి ఎక్స్‌రే ఇంకా ఫైలులోనే ఉంది, అదీ పట్టుకెళ్తాను. డయాలసిస్ అబ్బాయి కూడా వస్తానన్నాడు. వాళ్ల నాన్న రాలేరు కాబట్టి వాడికి కూడా తల్లిదండ్రుల కుర్చీలో నేనే కూర్చుంటాను.

ఇట్లు,
బి.ఏ. మూడో సంవత్సరం విద్యార్థిని
(పేరు ప్రచురించవద్దని మనవి)