కొండ దిగే కారుకు బ్రేకు డిస్కులు

సంపాదకులకు నమస్కారం.

1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో దిగేటప్పుడు బ్రేకు డిస్కులు ఎంతగా కాగుతాయో ఎరిగి, వాటిని ఇంటి దగ్గరే మార్చుకోదలచినవారు కారును జాకీ ఒక్కదానిపై నమ్మి వదలక స్టాండ్లపై ఆనించి, విప్పిన కాలిపర్‌ను (డిస్కును ప్యాడ్లతో నొక్కిపట్టే భాగాన్ని) బ్రేకు గొట్టానికి వేలాడనివ్వక తీగతో స్ప్రింగుకు కట్టాలి. డిస్కుపై ముద్రించిన కనీస మందం కన్నా పలచగా అరిగినదాన్ని లేతు యంత్రంపై నునుపు చేయించి వాడడం పొదుపు కాదు. ఒకే ఇరుసుకు రెండు వైపులా మార్చాలి. డిస్కు ఆనే హబ్బు (చక్రం బిగించే మధ్యభాగం) మీది తుప్పును నేను మొదటిసారి బద్ధకించి గీకకుండా వదిలేయగా, డిస్కు సమంగా ఆనక కొద్ది వారాలకే బ్రేకు పెడల్ అదరసాగి, చేసిన పనంతా మళ్లీ విప్పవలసి వచ్చింది. కొత్త డిస్కుకు పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేవరకు తొక్కాలి. అప్పటికీ మెత్తగానే ఉంటే ఆ కారును కొండకు తీసుకుపోరాదు.

— ఒక పాఠకుడు, తిరుపతి