బ్రేకులు లేని బండి

చిన్నీ,

మొన్న ఫోన్‌లో "నాన్నా, మాంచెస్టర్‌లో స్పీడ్‌వే రేసు, అదే మట్టి ట్రాక్ మీద మోటారుసైకిళ్ల పందెం, చూశాను, ఆ బళ్లకి బ్రేకులే లేవు" అన్నావు. ముప్పై ఏళ్లుగా జనాల బళ్లకి బ్రేకులు బిగించి బతుకుతున్నవాణ్ణి, నాకు నిద్రెలా పడుతుంది? నిజమేనట. 500 సీసీ ఇంజను, ఒకటే గేరు, పెట్రోలు బదులు మిథనాల్. ముందువాడు సడన్‌గా బ్రేకేస్తే వెనకవాడు గుద్దేస్తాడని అసలు ఎవరికీ పెట్టరు. మలుపులో వెనక చక్రాన్ని కావాలనే జారనిచ్చి, హ్యాండిల్ కుడికి తిప్పుతారు. బండి మాత్రం ఎడమకి తిరుగుతుంది! ఇనప తొడుగేసిన ఎడమ బూటు నేలకి ఆనిస్తారు. మన షెడ్డు ముందు ఎవడైనా అలా నడిపితే చెవి మెలిపెట్టేవాణ్ణి.

దాని గురించి చదువుతుంటే పీటర్ క్రేవెన్ అనే రేసరు కనిపించాడు. 1934లో లివర్‌పూల్‌లో పుట్టాడు. నువ్వు చూసొచ్చిన మాంచెస్టర్ జట్టు బెల్ వ్యూ మనిషే. బాగా పొట్టి. అయినా బండి మీద అతని బ్యాలెన్సుకి మాంత్రికుడని పేరు. 1955లో లండన్‌లోని వెంబ్లీలో ప్రపంచ ఫైనల్. ఒక్కొక్కరికి ఐదేసి రేసులు, గెలిచిన ప్రతి రేసుకి 3 పాయింట్లు. పదిహేనుకి పదమూడు తెచ్చుకుని చాంపియనయ్యాడు. అప్పటికి 21 ఏళ్లే. 1962లో మళ్లీ అక్కడే పద్నాలుగు తెచ్చుకుని రెండోసారి చాంపియనయ్యాడు.

ఆ మరుసటి ఏడాదే, 1963 సెప్టెంబరు 20న, ఎడిన్‌బరోలోని ఓల్డ్ మెడోబ్యాంక్ ట్రాక్‌లో రేసు. క్రేవెన్‌కి ముందున్న జార్జ్ హంటర్ అనే రేసరు పడిపోయాడు. అతన్ని తప్పించబోయి క్రేవెన్ కంచెకి గుద్దుకున్నాడు. నాలుగు రోజులకి పోయాడు, 29 ఏళ్లకే. హంటర్ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి రేసుల్లో ఉన్నాడు. బ్రేకు ఉంటే క్రేవెన్ బతికేవాడా అని షెడ్డులో కూర్చుని లెక్కలేశాను. ఆ వేగానికి, ఆ దూరానికి నాకు తేలలేదు.

ఇంటర్‌లో ఉండగా కాళ్లు అందడం లేదు, స్కూటీ సీటు కోయించమని అడిగావు, గుర్తుందా? పొట్టిదానివి, నీకెందుకు బండి, బస్సులో వెళ్లు అన్నాను. భయమేసి అన్నానులే. అది ఇంకా షెడ్డులోనే ఉంది. నిన్న సీటు విప్పి ఫోమ్ రెండంగుళాలు కోశాను. సంక్రాంతికి వచ్చి నడిపి చూడు. బ్రేకులు మాత్రం నేనే చూస్తాను.

మీ నాన్న